అడగండి చెప్తం: అంటురోగాలు, వాటి లెక్కలు

ప్రశ్న: కరోనా టైంల రోజుకో గ్రాఫ్ చూపెట్టి ఫలానా నెలల పీక్ అన్నరు, ఇన్ని లక్షలు అన్నరు. 2020 అక్టోబర్ల మన దేశపు సూపర్‌మోడల్ కమిటీ (కరోనా లెక్కలు కట్టనీకి సర్కారు పెట్టిన సైంటిస్టుల కమిటీ) ఫిబ్రవరికల్లా దాదాపు తగ్గిపోతది అన్నది, తర్వాత ఏప్రిల్, మే నెలల్ల ఏమైందో అందరం చూసినం. మా ఇంట్ల కూడ ఒకరిని పోగొట్టుకున్నం. ఇంత తప్పిన లెక్కలను ఇంకా ఎందుకు పట్టుకుంటున్నరు సార్?
– రిటైర్డ్ టీచర్, హన్మకొండ

జవాబు: మీ ఇంట్ల జరిగింది చదివి మనసుకు కష్టమైంది సార్. ఆ అంచనా తప్పింది, అండ్ల దాచేదేం లేదు. జాగ్రత్తలన్నీ అట్లనే కొనసాగితే అన్న షరతు అండ్ల ఉండె, కానీ డెల్టా అసొంటి కొత్త రకం వచ్చి పడుతదని ఆ లెక్కల లేదు, జనం కూడ ఇగ అయిపోయిందనుకుని మాస్కులు తీసేసిన్రు, రెండూ ఒకటేసారి జరిగినయి.

అసలు ఈ మోడల్ల ఉండేది ఏందంటే, ఊర్లె జనాన్ని మూడు గుంపులు చేస్తరు, ఇంకా రోగం రానోళ్లు, ఇప్పుడు ఉన్నోళ్లు, వచ్చి తగ్గినోళ్లు, ఒక గుంపుల నుంచి ఇంకో గుంపులకు జనం ఎంత స్పీడుగ పోతున్నరో లెక్క కడుతరు, ఒక రోగి సగటున ఒకరికంటే ఎక్కువమందికి అంటిస్తే రోగం పెరుగుతది, ఒకరికంటే తక్కువైతే దానంతటదే తగ్గిపోతది. 1927ల కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అనే ఇద్దరు ఇది రాసిన్రు, వాళ్లు తమ గీత సరిగ్గ ఉన్నదా లేదా అని చూసుకున్నది 1905-06ల మన బొంబాయి ప్లేగు చావుల లెక్క మీదనే.

ఇది జాతకం లెక్క చూసేది కాదు సార్. 2014 సెప్టెంబర్ల అమెరికా సర్కారు రోగాల నివారణ సంస్థ సీడీసీ, పశ్చిమ ఆఫ్రికాల వ్యాపించిన ఎబోలా గురించి, ఏం చెయ్యకపోతే జనవరికల్లా లైబీరియా, సియెర్రా లియోన్ రెండు దేశాల్ల కలిపి, లెక్కకు రాని కేసులను కూడ కలుపుకుంటే, 14 లక్షల దాక పోతదన్నది. చివరికి ఆ మొత్తం వ్యాప్తిల కేసులు సుమారు 28,600, చావులు 11,300. లెక్క తప్పిందని శానామంది అన్నరు, కానీ అదే రిపోర్టుల ఇంకో మాట ఉన్నది, రోగులల్ల 70 శాతం మందిని చికిత్స సెంటర్లల్లనో లేకుంటే ఇంట్లనే వేరుగ జాగ్రత్తగ ఉంచి, చనిపోయినోళ్లను రోగం అంటకుండ పూడిస్తే వ్యాప్తి తగ్గుముఖం పడుతదని. ఎన్ని మంచాలు కావాలె, ఎంత తొందరగ కావాలె అని అడిగెటోళ్ల చేతికి అదొక గురి అయింది. పెద్ద అంకె భయపెట్టింది, చిన్న అంకె పని చెప్పింది. మన దగ్గర మాత్రం షరతు తీసేసి అంకె ఒక్కటే టీవీల వేసిన్రు, నాకు దాని మీదనే కోపం. "ఇట్ల చేస్తే ఇంత, చెయ్యకపోతే ఇంత" అని రెండూ చెప్పని లెక్కను మీరు నమ్మకున్నా ఏం కాదు.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తను, ములుగు జిల్లా. ప్రతి శుక్రవారం డ్రై డే అని ఇల్లిల్లు తిరిగి గోలాలు, డ్రమ్ములు ఒంపిస్త. ఊర్లె వాళ్లేమో "ఫాగింగ్ బండి పంపించున్రి చాలు, అన్ని దోమలను మీరు సంపగలుగుతరా" అంటరు. ఏం చెప్పాలె?

జవాబు: చెల్లే, ఇదే మాట రొనాల్డ్ రాస్‌ను కూడ అడిగిన్రు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌ల దోమ కడుపుల మలేరియా క్రిమిని చూసింది ఆయననే, 1902ల నోబెల్ వచ్చింది. తర్వాత ఆయన లెక్కలు కట్టి ఏం చూపెట్టిండంటే, దోమలన్నీ చావనవసరం లేదు, ఒక హద్దు కిందికి తగ్గితే చాలు మలేరియా నిలువదు అని. డెంగీకి కూడ అదే లెక్క. ఒక రోగి నుంచి దోమల ద్వారా ఇద్దరికి పోతుందనుకో, దోమలు సగానికంటే తక్కువైతే చాలు రోగం వెనుకకు పోతది. కాబట్టి నలుగురు వినలేదని మనసు చిన్న చేసుకోకు.

ఇంకో సంగతి, తర్వాత మెక్‌డొనాల్డ్ అనే ఆయన తేల్చింది. దోమ రోగిని కుట్టినంక వెంటనే అంటియ్యలేదు, దాని ఒంట్ల క్రిమి తయారు కావడానికి పది రోజుల లెక్క పడుతది. రోజుకు వందల తొంభై దోమలు బతుకుతున్నయనుకో, పది రోజులకు మిగిలేది 35. అదే రోజుకు ఎనభై బతికితే మిగిలేది 11. చూడు, రోజుకు పది తేడా అంతే, కానీ అంటించే దోమలు మూడో వంతుకు పడిపోయినయి. కుట్టుడు కూడ ముఖ్యం, ఎందుకంటే దోమ ఒకసారి రోగిని కుట్టాలె, మళ్ల ఇంకొకరిని కుట్టాలె, రెండుసార్లు లెక్కలకొస్తది, అందుకే కుట్టుడు సగమైతే రోగం అంటుడు పావు అయితది. డెంగీ దోమ పగలు కుడుతది కాబట్టి జ్వరమొచ్చిన మొదటి అయిదారు రోజులు ఆ మనిషిని పగటిపూట కూడ దోమతెరల పండుకోబెట్టమని చెప్పు, ఊర్లె దీనంత చవక మందు లేదు.

ఫాగింగ్ ఆ టైంల ఎగురుతున్న దోమలనే సంపుతది, నీళ్లల్ల పురుగులు అట్లనే ఉంటయి, రెండు మూడు రోజులకు కొత్త దోమలు లేస్తయి. గుడ్డు నుంచి దోమ అయ్యేటందుకు వారం పది రోజులు పడుతది కాబట్టే వారానికోసారి ఒంపుమనేది, నెలకోసారి ఒంపితే ఫాయిదా లేదు. ఒంపినంక గోలెం లోపల గోడలు పీచుతో రుద్దించు, గుడ్లు అక్కడనే అతుక్కుని ఎండిపోయినా నెలలకొద్ది బతికుంటయి, మళ్ల నీళ్లు పోస్తే పగులుతయి.

టీకాల విషయంల కూడ ఒక మాట, నువ్వు ఏజెన్సీల తిరుగుతవు కాబట్టి చెప్తున్న. తట్టు ఒక పిల్లగాని నుంచి 12 నుంచి 18 మందికి పోతది, అందుకే 95 శాతం పిల్లలకు టీకా పడాలె అంటరు. జిల్లా మొత్తం 95 దాటినా అడవిల ఒక్క గూడెంల ఎవరికీ పడకపోతే ఆ గూడెంకు జిల్లా సగటు ఏం కాపాడదు. రిపోర్టుల శాతం మంచిగున్నది అని పైవాళ్లు అన్నా, ఆ గూడెం పేరు రాసి పీహెచ్‌సీల ఇయ్యి.

ప్రశ్న: ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేస్తున్న, వరంగల్. ఈ ఫీల్డ్‌ల పని చెయ్యాలంటే ఏం చదవాలె సార్?

జవాబు: తమ్ముడూ, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, ప్రాబబిలిటీ నీకు ఉన్నయే, స్టాటిస్టిక్స్ గట్టిగ చెయ్యి, కంప్యూటర్ల లెక్కలు కట్టే పైథాన్ గాని ఆర్ గాని నేర్చుకో. చెన్నైల ఐసీఎంఆర్ వాళ్ల నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ ఉన్నది, వాళ్ల కోర్సులు చూడు. కానీ అంతకంటే ముందు, వానకాలంల డాక్టర్ సార్ పర్మిషన్ తీసుకుని ఒక పీహెచ్‌సీల కూసొని జ్వరాల రిజిస్టర్ ఎట్ల నింపుతరో చూడు. జ్వరమొచ్చిన తేదీ వేరు, దవాఖానకు వచ్చిన తేదీ వేరు, రిపోర్టు పైకి పోయిన తేదీ వేరు. ఆదివారం కేసులు తగ్గి సోమవారం ఎక్కువైతయి, రోగం తగ్గి పెరిగిందని కాదు, ఆదివారం ఓపీ లేదు. ప్రైవేటుకు పోయినోళ్లు, ఊర్లె ఆర్ఎంపీ దగ్గర సూది ఏయించుకున్నోళ్లు శానామంది ఆ రిజిస్టర్లకు రానే రారు. ఇవి తెల్వకుండ గీత గీస్తే ఈక్వేషన్ ఎంత మంచిదైనా పీక్ తప్పు రోజు చూపెడుతది.