సరుగుడు బెరడు పొంగి నల్లపొడి రాలుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: చెన్నైకి ఉత్తరాన గుమ్మిడిపూండి దగ్గర రెండెకరాల్లో సరుగుడు వేశాను. మూడేళ్ల తోట. పదిహేను చెట్ల దాకా పసుపెక్కి ఎండిపోయాయి. బెరడు పొక్కుల్లా లేచింది, పగిలితే మసిలాంటి పొడి చేతికి అంటుతోంది. నీళ్లు పెట్టాను, యూరియా వేశాను, తేడా లేదు. ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, గుమ్మిడిపూండి

జవాబు: ఆ మసిపొడే జబ్బు పేరు చెబుతోంది. ఇది బెరడు పొక్కుల తెగులు. ట్రైకోస్పోరియం వెసిక్యులోసమ్ అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. ఆ పొడంతా దాని బీజాలే. గాలికి ఎగిరి, పక్క చెట్టుకు గాయం ఉంటే అందులోంచి లోపలికి దిగుతాయి. నీటి ఎద్దడితో వచ్చింది కాదు కాబట్టి యూరియా ఆపేయండి.

మందు గురించి ఉన్నమాట చెబుతాను. పొక్కులు లేచిన చెట్టును ఏ మందూ బతికించదు. షాపులో ఏది చేతిలో పెట్టినా డబ్బు పోసుకోవద్దు. మిగతా చెట్లు దక్కాలంటే ఆ పదిహేనూ తోటలోంచి పోవాలి. గాలి లేని పొద్దున చూసి, పొక్కుల చుట్టూ తడి గోనెపట్టా కట్టి నరికించండి. కూలీలు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. తోటంతా ఈడ్చుకుపోకుండా, వేళ్లతో సహా తవ్వి అక్కడే ఓ పక్క జాగ్రత్తగా కాల్చేయండి. దగ్గర దగ్గరగా ఉన్న చెట్ల వేళ్ల ద్వారా కూడా పాకుతుంది, అందుకే ఆ జాగా చుట్టూ రెండడుగుల లోతు కందకం తీయించండి. ఐప్పసి (అక్టోబరు–నవంబరు) వానలు, తుపాను గాలులు మొదలయ్యేలోపు ఈ పని అయిపోవాలి. గాలికి విరిగిన ప్రతి కొమ్మా తెగులుకు తలుపే.

పక్క కొమ్మలు కొట్టించేటప్పుడు చాలామంది కొమ్మను లాగి విరుస్తారు, దాంతో బెరడు చీలుతుంది. పదునైన కత్తితో నున్నగా కోయించి, కోతకు బోర్డో పేస్ట్ పూయండి. ఆ పేస్ట్‌కు కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు, ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి. ఇంత చేసినా కొత్త చెట్లు ఎండుతూనే ఉంటే ఆగొద్దు. మూడేళ్ల తోట కదా, పరంజా కర్రలకో కాగితం మిల్లుకో అమ్మేయడమే మేలు.

పొడి లేకుండా వాడిపోయిన చెట్టు కనబడితే మాత్రం మొదలు దగ్గర ముక్క కోసి గాజు గ్లాసు నీళ్లలో పెట్టి చూడండి. తెల్లటి దారాల్లా జిగురు దిగితే అది బ్యాక్టీరియా ఎండుతెగులు. ఆ జాగాలో టమాటా, వంగ వేయకండి.