పూటకు గంటన్నర చికిత్స ఉన్న అబ్బాయికి ఏ ఉద్యోగం తగినది?

ప్రశ్న: మాది కావలి. రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా అబ్బాయికి 22 ఏళ్లు, ఈ ఏడాదే బీకాం కంప్యూటర్స్ పూర్తయింది. చిన్నప్పుడు క్షయ అనుకుని మందులు వాడాము, తర్వాత రాయవేలూరు తీసుకెళితే సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో కఫం జిగురుగా గట్టిపడే జన్యు వ్యాధి) అని తేల్చారు. అప్పటి నుంచి రెండు పూటలా నెబ్యులైజర్ పెట్టుకుంటున్నాడు, వాళ్లమ్మ వీపు తట్టి కఫం తీస్తోంది. ఇప్పుడు కృష్ణపట్నం వైపు ఒక నూనె కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. కంపెనీ బస్సు నెల్లూరులో ఏడింటికి ఎక్కాలి, తిరిగి దింపేసరికి రాత్రి ఎనిమిది అవుతుంది. మా బావమరిది చీమకుర్తిలో గ్రానైట్ యార్డు లెక్కలు చూడమంటున్నాడు. మా అబ్బాయేమో బ్యాంకు పరీక్షలు రాస్తానంటాడు. ఈ జబ్బుతో పొద్దస్తమానం పని చేయగలడా? కంపెనీకి సంగతి చెప్పాలా?

జవాబు: మీ అబ్బాయి పని చేయగలడు. ఈ జబ్బుతోనే చదువులు ముగించి, ఉద్యోగాలు చేసుకుంటూ, సంసారాలు నడుపుతున్నవారు ఉన్నారు. అయితే ఏ ఉద్యోగం అన్న ప్రశ్నను జీతంతో కాక గడియారంతో తేల్చుకోవాలి. మామూలు కుర్రవాడికి పని వేళలు ముందు ఖాయమవుతాయి, తిండీ నిద్రా వాటి చుట్టూ సర్దుకుంటాయి. ఇతని విషయంలో పొద్దుటి చికిత్స, రాత్రి చికిత్స, నిద్ర ముందుగా ఖాయం కావాలి. ఆ మిగిలిన సమయంలో పట్టే ఉద్యోగమే అతనికి తగిన ఉద్యోగం.

కాగితం మీద లెక్క వేసి చూడండి. ముందు ఊపిరి గొట్టాలను విప్పే సాల్బుటమాల్ పీల్చి కాసేపు ఆగాలి, తర్వాత గాఢమైన ఉప్పునీరైన హైపర్‌టానిక్ సెలైన్‌కు పావుగంట, ఆపైన కఫం పైకి తెచ్చి ఉమ్మడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. డాక్టరు కఫాన్ని పలచబరిచే డోర్నేజ్ ఆల్ఫా రాసి ఉంటే రోజుకు ఒకసారి దానికీ, పీల్చే యాంటీబయాటిక్ అయిన టోబ్రామైసిన్ వాడే 28 రోజుల్లో చివరగా దానికీ చోటు ఉండాలి. నెబ్యులైజర్ కప్పు కడిగి, మరిగించి, పూర్తిగా ఆరబెట్టడం కూడా చికిత్సలో భాగమే, ఎందుకంటే తడి కప్పులోనే సూడోమోనాస్ లాంటి క్రిములు కాపురం పెడతాయి. అన్నీ కలిపితే పూటకు గంట నుంచి గంటన్నర. కావలిలో ఉంటూ నెల్లూరులో ఏడింటి బస్సు అందుకోవాలంటే ఐదున్నరకే ఇల్లు వదలాలి, అంటే నాలుగు కాకముందే లేవాలి. రాత్రి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర, అన్నమూ చికిత్సా ముగిసేసరికి పదకొండున్నర దాటుతుంది. ఇలా నెల రోజులు ఎవరైనా నెట్టుకొస్తారు, రెండో నెలలో రాత్రి చికిత్స కుదించుకుపోతుంది. మీరు పొద్దస్తమానం పని గురించి అడిగారు గానీ, ఇక్కడ అసలు చిక్కు పనిలో లేదు, కావలి నుంచి నెల్లూరుకు రోజూ చేసే ప్రయాణంలో ఉంది.

కనుక నెల్లూరులో కంపెనీ బస్సు ఆగే చోటికి దగ్గరగా గది తీసుకునే పనైతేనే ఆ ఉద్యోగంలో చేరమనండి. అప్పుడు ఐదింటికి లేచినా సరిపోతుంది, రాత్రి పదిన్నరకు పడుకోవచ్చు. టోబ్రామైసిన్ మోతాదుల నడుమ పన్నెండు గంటల ఎడం ఉండటం మంచిది, ఆరు గంటలకు తగ్గకూడదు. ఈ వేళల్లో అది కూడా కుదురుతుంది. గదిలో సిగరెట్ తాగేవారు ఉండకూడదు. నెల్లూరు దోమల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు, వాటి కోసం కాయిల్ పొగ పెట్టకుండా దోమతెర కట్టుకోవాలి. డోర్నేజ్ ఫ్రిజ్‌లో ఉండవలసిన మందు కాబట్టి, అద్దె కొంచెం ఎక్కువైనా ఫ్రిజ్ ఉన్న ఇల్లే చూడండి.

గది కన్నా ముందు జరగవలసింది మరొకటి ఉంది. ఇన్నేళ్లూ ఆ తల్లి పడిన శ్రమకు దండం పెట్టాలి, కానీ కఫం తీయడం ఆమె చేతిలోనే ఉన్నంత కాలం అతను ఏ ఊళ్లోనూ ఉద్యోగం చేయలేడు. ఎవరి సాయమూ లేకుండా చేసుకునే పద్ధతులు ఉన్నాయి. నిదానంగా ఊపిరి తీసుకుని, నిండుగా పీల్చి, నోరు తెరిచి అద్దం మీద ఆవిరి పట్టించినట్టు బలంగా హఫ్ కొట్టే శ్వాస వ్యాయామం ఒకటి, ఊదినప్పుడు ఎదురొత్తిడి కలిగించే పెప్ పరికరం మరొకటి. చేరడానికి ముందు వేలూరులోనో చెన్నైలోనో ఫిజియోథెరపిస్టు దగ్గర వీటిని నేర్చుకోమనండి. కొన్ని వారాల పాటు అమ్మ పక్కన ఉన్నా చేయి వేయకుండా చూస్తూ కూర్చోవాలి. తల్లులకు ఇది మహా కష్టమని తెలుసు, అయినా మీరు నచ్చజెప్పాలి.

ఒక పూట మానితే ఏమవుతుందని ఆ వయసు పిల్లలు తప్పకుండా అంటారు. మరునాటికి ఏమీ కాదు, ప్రమాదమంతా అందులోనే ఉంది. సీఎఫ్‌టీఆర్ అనే జన్యువులోని లోపం వల్ల కణాల నుంచి ఉప్పూ నీరూ కదలవలసినట్టు కదలవు, కఫం జిగురుగా గట్టిపడి సన్నని గొట్టాల్లో నిలిచిపోతుంది. వారాల తరబడి అది పేరుకున్నాక గానీ దగ్గు ముదరదు, బరువు తగ్గదు. అప్పుడు సుమారు రెండు వారాలు నరాల ద్వారా యాంటీబయాటిక్స్ ఎక్కించవలసి రావచ్చు. ప్రొబేషన్‌లో ఉన్న కుర్రవాడికి అది చిన్న సెలవు కాదు.

పగటి పూట చూసుకోవలసినవి తక్కువే. ఈ జబ్బున్న చాలామందిలాగే అతనికీ క్లోమం సరిగా పనిచేయక, తిన్నది అరిగించే ఎంజైమ్ క్యాప్సూళ్లు వాడుతుంటే, వాటిని భోజనానికి మాత్రమే కాక సాయంత్రం పాలటీకీ, బజ్జీలకూ కూడా తినడం మొదలుపెట్టేటప్పుడే వేసుకోవాలి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో ఆ సీసాను వదిలితే మందు చెడిపోతుంది. ఈ జబ్బులో చెమటతో ఉప్పు విపరీతంగా పోతుంది కనుక రోహిణి కార్తెలో మన ఎండలకు ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ దగ్గర ఉండాలి. ఎంత ఉప్పన్నది డాక్టరు చెబుతారు.

చీమకుర్తి సంగతి ఒక్క ముక్కలో చెబుతాను, వద్దు. లెక్కలు చూసేది గదిలోనే అయినా యార్డులో కోత రాతి ధూళి గాలిలో ఉంటుంది, అందులోని సిలికా ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులనే పాడు చేస్తుంది. మీ బావమరిదిగారు అభిమానంతోనే పిలిచి ఉంటారు, అలాగే నొచ్చుకోకుండా చెప్పండి. మీ మిల్లులో గుమాస్తా పని కూడా ఊకధూళి వల్ల అతనికి పనికిరాదు.

కంపెనీకి చెప్పాలా అన్నదానికి వస్తాను. ఇంటర్వ్యూలో జబ్బు ప్రస్తావన తేనక్కర్లేదు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక, చేరే ముందు, హెచ్ఆర్ వారికి రాతపూర్వకంగా తెలియజేయడమే మేలు. ఆరోగ్య వివరాల ఫారం ఇస్తే అందులో అబద్ధం రాయకూడదు, తర్వాత బయటపడితే ఉద్యోగానికే ముప్పు. చెప్పమనడానికి మరో కారణం ఆ దగ్గు. మన దగ్గర రోజంతా దగ్గే మనిషిని చూస్తే పక్క కుర్చీవారికి ముందు తోచేది క్షయే. "ఇది పుట్టుకతో వచ్చిన జన్యు సంబంధమైన వ్యాధి, తోటివారికి అంటదు, పని సామర్థ్యానికి అడ్డు కాదు" అని డాక్టరు చేత ఒక సర్టిఫికెట్ రాయించుకుని ఆ ఉత్తరానికి జతచేయండి. అడగవలసినవి మూడే: రాత్రి షిఫ్టు వేయకపోవడం, మూడు నెలలకొకసారి ఆసుపత్రికి వెళ్లడానికి సెలవు, నెలాఖరు లెక్కల రోజుల్లో ఆలస్యమయ్యే పని ఉంటే ఇంటి నుంచి పూర్తిచేసే వీలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 వైకల్యాల్లో తలసీమియా, హీమోఫీలియా ఉన్నాయి గానీ సిస్టిక్ ఫైబ్రోసిస్ లేదు. అందువల్ల ఇది హక్కుగా అడిగేది కాదు, మర్యాదగా, స్పష్టంగా అడిగి ఒప్పించుకోవలసినది.

జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. వైద్యం చేరిన నాటి నుంచే అందుతుంది. జబ్బు సెలవులో జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు వచ్చే భృతి మాత్రం కొన్ని నెలల చందా జమ అయ్యాకే. రెండేళ్ల సర్వీసు నిండినవారికి దీర్ఘకాలిక జబ్బుల కింద 80 శాతం చొప్పున ఎక్కువ కాలం ఇచ్చే భృతి కూడా ఉంది. ఈ జబ్బులో తరచూ వచ్చే బ్రాంకియెక్టాసిస్ (ఊపిరి గొట్టాలు వెడల్పై దెబ్బతినడం) ఆ జాబితాలో ఉంది కనుక రిపోర్టులన్నీ జాగ్రత్తగా దాచండి. జీతం అంతకు మించితే కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందో లేదో సంతకానికి ముందే అడగండి.

ఇక బ్యాంకు పరీక్షలు. అతని కోరిక సబబైనదే, పైగా క్లర్కు పరీక్షకు 28 ఏళ్ల వరకు అవకాశం ఉంది కాబట్టి తొందర లేదు. ఉద్యోగం చేస్తూ ఆదివారాలు చదువుకోవచ్చు. తెల్లవారుజామున మొదలయ్యే కోచింగ్ బ్యాచ్‌లో మాత్రం చేర్చకండి, పొద్దుటి చికిత్స వేళనే అది మింగేస్తుంది. ఆఫీసరు పోస్టయితే దేశంలో ఎక్కడికైనా వేస్తారు, క్లర్కుకు ఎంచుకున్న రాష్ట్రం లోపలే ఇస్తారు. ఊపిరితిత్తుల డాక్టరుకూ ఫిజియోథెరపిస్టుకూ దూరం కాకుండా ఉండాలంటే మొదటి ప్రయత్నం క్లర్కు పరీక్షకే చేయమనండి.