బెంగళూరు సదస్సుకి బాబుని పంపనా, వద్దా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. మా బాబు ఈసీఈ ఫైనలియర్. వేసవి సెలవుల్లో తను గే అని నా ఒక్కదానికే చెప్పాడు, వాళ్ల నాన్నకి తెలీదు. సైన్స్, టెక్నాలజీ రంగాల్లో ఉన్న ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్) వాళ్లంతా కలిసే సదస్సు బెంగళూరులో రెండు రోజులు ఉందట, వీడి ప్రాజెక్టు పోస్టరు తీసుకున్నారట, రైలు ఛార్జీలూ వాళ్లే ఇస్తారట. పేరు బయటపడితే ఉద్యోగం రాదేమోనని నా భయం. విశాఖలో డాక్టరుకి చూపిస్తే మారతాడని మా అక్క అంటోంది. పంపనా, మాన్పించనా?

జవాబు: పంపండమ్మా.

ముందు డాక్టరు సంగతి తేల్చేద్దాం. ఇది జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే చెప్పింది. మారుస్తామని వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. కాబట్టి ఎవరైనా అలా మారుస్తానంటే ఆ గుమ్మం ఎక్కకండి. ఇంకొకటి, బాబు మీ ఒక్కరికే చెప్పుకున్నాడు, మీరు అక్కగారికి చెప్పారు. మోయలేక చెప్పి ఉంటారు, అర్థమవుతుంది, కానీ ఇకమీద ఎవరికి చెప్పాలన్నా ముందు అతన్ని అడగండి.

ఉద్యోగం విషయంలో మీ భయం ఉత్తదని నేను అనను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది, ఆ కేసులో పిటిషన్ వేసినవాళ్లలో ఐఐటీల్లో చదివిన, చదువుతున్న 20 మంది కూడా ఉన్నారు. గేట్ స్కోరుతో వచ్చే ప్రభుత్వరంగ ఉద్యోగాలకు ఈ సంగతి ఎవరూ అడగరు. ప్రైవేటులో మాత్రం జాగ్రత్త కావాలి, ఎందుకంటే గే అన్న కారణంతో ఉద్యోగంలోంచి తీసేయకూడదని ప్రైవేటు కంపెనీలకు చెప్పే ప్రత్యేక చట్టం మనకి లేదు, ఆ రక్షణ ఏదైనా ఉంటే కంపెనీ తనకు తాను రాసుకున్న పాలసీలోనే ఉంటుంది. ఏ కంపెనీ రాసుకుంది, రాసుకున్నది నిజంగా పాటిస్తోందా అన్నది గుణుపురంలో కూర్చుంటే ఎవరు చెప్తారమ్మా? అక్కడ పనిచేసేవాళ్లే చెప్పాలి, వాళ్లు దొరికేది ఇలాంటి చోటే. 2019లో బెంగళూరులోనే ప్రైడ్ సర్కిల్ అనే సంస్థ ఎల్‌జీబీటీ వాళ్ల కోసం జాబ్ మేళా పెడితే పేరున్న కంపెనీలు వచ్చి రెజ్యూమెలు తీసుకున్నాయి. మీకు దగ్గర్లో గోపాల్‌పూర్‌లో ప్లాంటు ఉన్న టాటా స్టీల్ కూడా అదే ఏడాది, ఉద్యోగి తన భాగస్వామి ఆడైనా మగైనా పేరు నమోదు చేసుకుని సదుపాయాలు పొందొచ్చని పాలసీ తెచ్చింది.

బాబుని వీఎల్‌ఎస్‌ఐలో, అంటే చిప్పుల డిజైన్ సబ్జెక్టులో, లాంబ్డా రూల్స్ అంటే ఏంటో అడగండి, చెప్తాడు. చిప్పు మీద గీతలు ఎంత వెడల్పు ఉండాలి, మధ్యలో ఎంత ఎడం వదలాలి అని లెక్క కట్టే ఆ పద్ధతి 1970లలో కార్వర్ మీడ్, లిన్ కాన్వే అనే ఇద్దరు తెచ్చింది. ఆ కాన్వే ట్రాన్స్ మహిళ. స్త్రీగా మారబోతున్నానని చెప్పినందుకు 1968లో ఐబీఎం ఆవిడని ఉద్యోగంలోంచి తీసేసింది. పేరు మార్చుకుని, అంతకుముందు చేసిన గొప్ప పనిలో ఒక్క లైను కూడా రెజ్యూమెలో రాసుకోలేక, మామూలు ప్రోగ్రామరుగా మళ్లీ మొదలుపెట్టి, దాదాపు ముప్పై ఏళ్లు గతాన్ని దాచుకునే పనిచేశారు. ఐబీఎం క్షమాపణ చెప్పింది 2020లో. అన్నేళ్లూ ఆవిడకి మనసు విప్పి మాట్లాడుకోవడానికి తోటి ఇంజినీర్లు నలుగురు ఉండి ఉంటే ఎలా ఉండేదో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

మీకు ఇది నాకంటే బాగా తెలుసు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఎక్కడికెళ్లినా తెలుగోళ్లు అనిపించుకుంటూ పెరిగిన పిల్లలు భువనేశ్వర్‌లో హాస్టల్లో దిగిన రోజు పక్క గదిలోంచి తెలుగు మాట వినబడితే ప్రాణం ఎలా లేచొస్తుందో మీరు చూసే ఉంటారు. ఆ సదస్సులో మీ బాబుకి దొరికేది అదే, కాకపోతే అక్కడివాళ్లు చిప్ డిజైన్ గురించి కూడా మాట్లాడతారు.

పదేళ్ల కిందట రాయగడ నుంచి ఒకమ్మాయి ఇలాగే నా దగ్గరికి వస్తే, ముందు ఉద్యోగంలో స్థిరపడమ్మా, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు, ఎవరికీ చెప్పకు అన్నాను. మంచి ఉద్యోగమే వచ్చింది. పెళ్లెప్పుడు, సంబంధాలు చూస్తున్నారా అని ఆఫీసులో అడిగిన ప్రతిసారీ ఓ కథ అల్లలేక, ఏడాది తిరక్కుండా మానేసింది. ఆ తప్పు నాది, అప్పటినుంచి ఆ సలహా ఎవరికీ ఇవ్వలేదు.

అలాగని అందరికీ చాటుకోమనడం లేదు. ఎవరికి తెలియాలో నిర్ణయించుకునేది బాబే, అందుకు కొన్ని పనులు ముందే చేసుకోవాలి. రిజిస్ట్రేషన్ ఫారంలో ఫొటోల గురించి ఏం రాశారో చదవమనండి, ఫొటో వద్దనుకునేవాళ్లకి వేరే రంగు ట్యాగు ఇస్తారా, బ్యాడ్జీ మీద ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరే వేయొచ్చా అని మెయిల్ పెట్టి అడగమనండి. ఇలాంటివి అడిగితే వాళ్లేమీ అనుకోరు, అలవాటే. రెజ్యూమెలో పోస్టరు టైటిల్, నెల, బెంగళూరు అని రాస్తే చాలు, అందులో అబద్ధం లేదు, సదస్సు పేరు పెట్టాలా వద్దా అన్నది ఒక్కో కంపెనీని బట్టి చూసుకోవచ్చు. స్టాళ్ల దగ్గర పాంప్లెట్లు ఏరుకుంటూ టైం పోగొట్టుకోకుండా, ఉద్యోగులతోనే మాట్లాడాలి. పాలసీ కాగితంలో లైంగిక ధోరణి అన్న మాట ఉందా, ఇన్సూరెన్సులో భాగస్వామి పేరు రాయనిస్తారా, మేనేజరు ఇబ్బంది పెడితే ఫిర్యాదు ఎవరు వింటారు, మొదటి పోస్టింగు ఏ ఊళ్లో వేస్తారు అని అడగాలి. 2023లో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలను గుర్తించలేదు కాబట్టి ఇన్సూరెన్సు ప్రశ్న చిన్నదేం కాదు.

వాళ్ల నాన్నగారికి ప్రాజెక్టు పోస్టరు పెట్టడానికి బెంగళూరు వెళ్తున్నాడని చెప్పండి, అది నిజమే కదా. మిగతాది ఎప్పుడు చెప్పాలో బాబు చూసుకుంటాడు. పలాసలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా బెంగళూరులో దిగొచ్చు. మీ ఊళ్లో పోస్టరు సైజు ప్రింటు దొరక్కపోతే పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ పెట్టుకుని, ఒక రోజు ముందుగా చేరి అక్కడే తీయించుకోమనండి.