మేస్త్రిని అడగండి: హ్యాండిల్ వెనక్కి తన్నితే?

ప్రశ్న: మా నాన్నగారి పెట్రోల్ అంబాసిడర్ నాలుగు నెలలుగా షెడ్డులోనే ఉంది. సెల్ఫ్ కొడితే 'టక్' మని ఊరుకుంటోంది. డిక్కీలో ఇంజన్‌ని చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంది. తిప్పుదామంటే అమ్మ వద్దంటోంది, మా పెదనాన్న చెయ్యి అలాగే విరిగిందట. దెబ్బ తగలకుండా తిప్పే పద్ధతి ఉందా మేస్త్రి గారూ?
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మగారి భయం ఉత్తిది కాదు బాబూ. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకునే రోజుల్లో, ఒక జీపు హ్యాండిల్‌ని క్రికెట్ బ్యాటులా పట్టుకుని బలమంతా పెట్టి కిందికి నొక్కాను. ఒక్క తన్ను. ఆరు వారాలు సిమెంట్ కట్టు. ఈ కుడి మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. తప్పు జీపుది కాదు, నాదే.

పిస్టన్ పైకి చేరకముందే ప్లగ్గులో నిప్పు పడితే, పేలుడు దాన్ని వచ్చిన దారినే కిందికి తోస్తుంది. హ్యాండిల్ కూడా దాంతోపాటే వెనక్కి తిరుగుతుంది. బాగా పాతకాలపు బండ్లలో నిప్పు ఆలస్యంగా పడేలా చేయడానికి స్టీరింగ్ దగ్గరే మీట ఉండేది. అంబాసిడర్‌లో ఆ పని ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరే చూసుకుంటుంది. కాకపోతే పికప్ కోసమని ఎవరైనా టైమింగ్, అంటే నిప్పు పడే వేళ, ముందుకు జరిపి ఉంటే మాత్రం తన్ను తప్పదు. ముందు అది చూపించుకోండి. కార్లకు సెల్ఫ్ వచ్చిందే ఈ బాధ పడలేక. 1912 మోడల్ కాడిలాక్‌తో మొదలైంది.

ఇంకో సంగతి. హెడ్‌లైటు మసకగానైనా వెలిగితేనే హ్యాండిల్ జోలికి వెళ్లండి. తాళం తిప్పినా డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు కూడా రాలేదంటే, ప్లగ్గుకి నిప్పు పుట్టించే కాయిల్‌కి కరెంటు లేనట్టే. పొద్దుగూకేదాకా తిప్పినా చెమటే. బ్యాటరీ ఛార్జింగుకి పంపండి.

ఇక తిప్పడం. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో మీ చేత్తో మీరే చూసుకోండి, పక్కవాడి మాట నమ్మొద్దు. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టండి. ఆయిల్ చూసుకుని, చోక్ లాగి, తాళం ఆపే ఉంచి రెండు మూడు చుట్లు నిదానంగా తిప్పండి. ఇంజన్ పట్టేసిందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాతే తాళం తిప్పి ఆన్ చేయండి.

హ్యాండిల్ కింద ఉన్నప్పుడు ఇంజన్ షాఫ్టు పళ్లకు తగిలించి, పైకి లాగండి. అరచుట్టు చాలు. రాకపోతే మళ్లీ కింద తగిలించండి. గిరగిరా తిప్పొద్దు, కిందికి అసలు నొక్కొద్దు. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ వేయకూడదు. అప్పుడు తన్నినా హ్యాండిల్ వేళ్లలోంచి జారిపోతుంది. ఎడమ చేత్తో లాగడం మేలు. కొత్తలో వాటంగా అనిపించదు, నాకు ఇప్పుడు అదే అలవాటు. మొహం మాత్రం హ్యాండిల్ మీదకి వంచకండి.

ప్రశ్న: పొలంలో డీజిల్ ఆయిల్ ఇంజన్‌కీ ఇదే పద్ధతా?
- ఒక రైతు, తెనాలి

జవాబు: కాదండి. దానికి ప్లగ్గు ఉండదు, బిగువు ఎక్కువ. పైన చిన్న మీట ఉంటుంది, అది లేపితే గాలి బయటికిపోయి ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. వేగం బాగా అందుకున్నాక మీట దింపండి. అంటుకోగానే హ్యాండిల్ వదిలేసి పరుగెత్తకండి, పట్టుకునే నేరుగా బయటికి లాగేయాలి. వదిలేస్తే షాఫ్టుతోపాటు తిరిగి ఎగిరి తగులుతుంది. షాఫ్టు చివర తుప్పుంటే గీకేసి కాస్త ఆయిల్ రాయండి. మెడలో తువ్వాలు తీసి గట్టు మీద పెట్టండి, ఫ్లైవీల్ పక్కనే ఉంటుంది.