ఎక్స్‌రే ఒక్కటే కాదు బిడ్డా, బ్రూనో నడక చూడు

బిడ్డా,

రాత్రి ఫోన్ల నువ్వు ఏడ్సుడు ఇన్న కాడి నుంచి నిద్ర పట్టలే, అందుకే తెల్లారంగనే కూసోని రాస్తున్న. ఏడు నెలల కుక్కపిల్ల బ్రూనోకు రెండు తుంటి కీళ్ళు సక్కగ లేవంటే ఎవరికైనా పాణం గాబరైతది. కానీ రేపే ఆపరేషన్ అని గానీ, అసలే వద్దని గానీ ఇప్పుడే ఖాయం చేస్కోకు.

ఎక్స్‌రేల ఘోరంగ కనిపించే కుక్క హాయిగ ఉరుకుతది, కొద్దిగనే ఉన్నది మూల్గుతది, రెండు రకాలూ ఉంటయ్. మా కుక్క రాజుగాడు పొద్దుగాల లేచేటప్పుడు ముందు కాళ్ళు ఊనుకోని వెనక భాగాన్ని తాండూరు బండ మీద గుంజుకుంట లేచేటోడు, గోర్లు బండకు గీక్కునే ఆ సప్పుడు ఇప్పటికీ నా చెవుల్ల ఉన్నది. మెట్లెక్కాలంటే వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేలు లెక్క దుంకేటోడు. బ్రూనో అట్ల చేస్తున్నడా, ఎంత దూరం నడిచినంక కూలబడుతున్నడు, జర చూడు, అల్లుణ్ణి వెనక నుంచి ఒకటి పక్క నుంచి ఒకటి వీడియో తియ్యమను, తొడ మీద చెయ్యి పెట్టి కండ సన్నబడ్డదేమో చూడు. ఇవన్నీ చెప్తేనే డాక్టర్‌కు అసలు సంగతి తెలుస్తది.

అట్లని జాగు చెయ్యకు. తుంటి ఎముకను కోసి, దాని గిన్నెను తొడ ఎముక కొసన ఉండే బంతి మీదికి తిప్పే ఆపరేషన్ ఒకటున్నది, అది సుమారు పది నెలల లోపల, కీలు అరగక ముందే చెయ్యాలె, తర్వాత చేసినా లాభం లేదు. బంతిని తీసేసే ఆపరేషన్ ఎప్పుడైనా చేస్తరు, కండలే కీలు లెక్క మోస్తయ్, కాకపోతే లాబ్రడార్ అసొంటి బరువు కుక్కకంటే చిన్న కుక్కకు బాగ కుదురుతది. కీలు మొత్తం మార్చేది ఎదుగుదల అయినంకనే, మస్తు పైసలు, అంతట చెయ్యరు. అందుకే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీస్కపోయి ఇంకొకరి మాట తీస్కో. కీలు అరుగుడు షురూ అయిందా, ఎముక తిప్పే ఆపరేషన్‌కు బ్రూనో పనికొస్తడా, మీరు ఇట్లాంటియి ఎన్ని చేసిండ్రు, ఆపరేషన్ తర్వాత ఎన్ని వారాలు కట్టేసి ఉంచాలె, మొహమాటం లేకుండ అడుగు.

ఇంకొకటి, నా చేత్తో నేను చేసిన తప్పు చెప్తున్న. రాజుగాడు మూల్గుతుంటే చూడలేక నా మోకాళ్ళ నొప్పికి వేసుకునే గోలీ సగం విరిచి పెరుగన్నంల కలిపి పెట్టిన, రెండు రోజులకు నల్లగ తారు లెక్క దొడ్డికి పోయిండు, కడుపుల రక్తం కారింది. పోతడనుకున్నం, బతికిండు. మనుషుల నొప్పి గోలీ ఏదీ, బ్రూఫెన్ గానీ డైక్లోఫెనాక్ గానీ, ఒక్క తునక కూడ పెట్టకు. కుక్కల కోసం ఇచ్చే కార్ప్రొఫెన్, మెలోక్సికామ్ కూడ డాక్టర్ తూకం చూసి రాసినంతే. ఎదిగే పిల్లకు బొక్కలు గట్టిపడాలని అడగకుండ క్యాల్షియం పోసుడు కూడ బంజెయ్, పెద్ద జాతి పిల్లలకు అది చెడుపే చేస్తది.

ఆపరేషన్ అయినా కాకున్నా ఇయ్యాల్టి నుంచే చెయ్యాల్సింది తిండి తగ్గించుడు. అమెరికాల 48 లాబ్రడార్లను సచ్చేదాంక చూసిండ్రు, సగం వాటికి పావు వంతు తక్కువ పెట్టిండ్రు, అవి దాదాపు రెండేండ్లు ఎక్కువ బతికినయ్, తుంటి అరుగుడు కూడ వాటికే తక్కువ. బ్రూనో పక్కటెముకలు చెయ్యి ఆనిస్తే తగలాలె. మీ అత్తమ్మ చాయ్ తాగుకుంట బిస్కెట్ వేస్తది సూడు, అది బంద్, అడిగి బాధపెట్టకు, నా పేరు చెప్పు. ఇంట్ల టైల్స్ మీద పట్టాలు, గోనె సంచులు పరువు. బాల్ ఇసిరి ఉరికించకు, నెమ్మదిగ గొలుసు మీద నడిపించు. నీళ్ళల్ల ఈత మస్తు మంచిది, కీలు మీద బరువు పడకుండ కండ పెరుగుతది, కానీ కాలువల వద్దు, సాగర్ కాలువల నీళ్ళు గుంజుకపోతయ్, మన చేను కాడి కుంటల ఏటవాలుగ ఉన్న దిక్కు తాడు కట్టి దించు.

రాజేంద్రనగర్ పోయే రోజు ముందుగాల చెప్పు. మిర్యాలగూడ నుంచి వచ్చేటప్పుడు నల్గొండల ఆగి నన్ను ఎక్కించుకోండ్రి, వెనక సీట్ల వాణ్ని పట్టుకోని నేను కూసుంట.

మీ చిన్నాయన