ఎయిబార్ చూపించి లీడ్స్ దారి పట్టకండి

ప్రశ్న: పిల్లలకు ఫుట్‌బాల్ కోచింగ్ ఇస్తుంటాను. ప్రస్తుతం 45 మంది వస్తున్నారు. స్పెయిన్‌లో ఎయిబార్ అనే చిన్న క్లబ్బు తెలివైన నిర్వహణతో పెద్ద లీగ్‌కు ఎదిగిన కథ చదివాక, నేనూ క్లబ్బు పెట్టి లీగ్‌లో ఆడించాలనుకుంటున్నాను. ఇల్లు తనఖా పెట్టి, కొంత పర్సనల్ లోన్ కూడా తీసుకుని సొంత టర్ఫ్ వేస్తే 3 ఏళ్లలో అప్పు తీరుతుందని నా లెక్క. ఈఎంఐ ఎంతవరకు పెట్టుకోవచ్చు?

జవాబు: ఈఎంఐ సంగతి తర్వాత. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. దుకాణం కావచ్చు, స్కూలు కావచ్చు, ఇప్పుడు క్లబ్బు. ఎవరో గెలిచిన కథ చదువుతారు, వెంటనే బ్యాంకు మెట్లెక్కుతారు. గెలిచినవాళ్ల జమాఖర్చు మాత్రం చూడరు. మీరు ఎయిబార్ పేరు ఎత్తారు కాబట్టి ఆ జమాఖర్చే చూద్దాం.

దాదాపు 27,000 మంది ఉండే పట్టణం అది, స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో ఉంది. ఒకప్పుడు తుపాకుల తయారీకి పేరు. ఆ ఊరి క్లబ్బు 2013లో మూడో అంచె నుంచి రెండో అంచెకు, మరుసటి ఏడాదే పై అంచె లీగ్ అయిన లా లీగాకు వెళ్లింది. అక్కడ ఓ చట్టం అడ్డొచ్చింది. తోటి క్లబ్బుల ఖర్చులతో లెక్కగట్టి మూలధనం పెంచమన్నారు. క్లబ్బుకు అప్పు లేదు. అయినా 17,24,272 యూరోలు తేవాలి, లేదంటే మైదానంలో గెలిచిన చోటు పోతుంది. అప్పుడు వాళ్లు అమ్మింది వాటాలు. పదుల దేశాల నుంచి వేలమంది తలా కొంచెం కొన్నారు. స్పెయిన్ ఫుట్‌బాల్ స్టార్లు షాబీ అలోన్సో, దావీద్ సిల్వా ఆ ప్రచారానికి గొంతు కలిపారు. ఇద్దరూ కుర్రతనంలో వేరే క్లబ్బుల నుంచి అక్కడికి అరువు మీద వచ్చి ఆడినవాళ్లే. (అరువుల్లో నాకు నచ్చేది ఇదొక్కటే.)

2015లో జరిగింది ఇంకా బాగా గుర్తుపెట్టుకోండి. ఎయిబార్ 18వ స్థానంలో నిలిచింది, లెక్కప్రకారం కింది అంచెకు పోవాలి. కానీ 13వ స్థానంలో ఉన్న ఎల్చె క్లబ్బును పన్ను బకాయిల వల్ల లీగ్ దింపేసింది. ఆ ఖాళీలో ఎయిబార్ నిలబడింది. 2017-18లో 9వ స్థానం దాకా వెళ్లి, 2021 వరకు పై లీగ్‌లోనే ఆడింది.

మీ ప్లాన్ మాత్రం ఇంగ్లండ్‌లోని లీడ్స్ యునైటెడ్‌ను తలపిస్తోంది. 2001లో ఛాంపియన్స్ లీగ్ (యూరప్ అగ్ర క్లబ్బుల పోటీ) సెమీఫైనల్ ఆడిన జట్టు అది. అదే ఏడాది, రాబోయే ఏళ్లలో అమ్ముడుపోయే టికెట్లను చూపించి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చారు. ఆ తర్వాత మళ్లీ ఛాంపియన్స్ లీగ్‌లో చోటు దక్కలేదు, ఆ ఆదాయమూ రాలేదు. ఆటగాళ్లను అమ్మారు, స్టేడియం కూడా అమ్మారు. 2004లో పై లీగ్ పోయింది, 2007కల్లా మూడో అంచెకు పడిపోయారు.

మీరు జతచేసిన కాగితం చూశాను. మొదటి ఏడాదే 120 మంది పిల్లలు, పన్నెండు నెలలూ నిండు బ్యాచ్‌లు! పరీక్షల నెలలో పిల్లలను మైదానానికి ఎవరు పంపుతారండీ? వానలకు ఒక్క రోజు కూడా తగ్గించలేదు. 2020లో మైదానాలు నెలల తరబడి మూతపడ్డాయి, అప్పుడు మీ ఫీజులు ఎన్ని వచ్చాయో మీకే తెలియాలి. ఆ కాగితంలో ‘అత్యవసరం’ అని రాసి, దాని ఎదురుగా ఓ గీత పెట్టి వదిలేశారు. నా అభ్యంతరమంతా ఆ గీత మీదే.

ఆ గీత ఉన్నచోట ముందు ఓ అంకె రావాలి. ఇంటి ఖర్చు 6 నెలలకు, కోచింగ్ ఖర్చు (అద్దె, అసిస్టెంట్ల జీతాలు, బంతులు అన్నీ కలిపి) ఇంకో 6 నెలలకు. రెండూ వేర్వేరు ఖాతాల్లో ఉండాలి. కలిపేస్తే మొదటి టోర్నమెంట్ ఎంట్రీ ఫీజుకే ఇంటి డబ్బు కదులుతుంది. ఇది పోగవడానికి రెండేళ్లు పడితే పట్టనివ్వండి. ఈ అంకె నిండేవరకు టర్ఫ్ మాట ఎత్తకండి. కోచ్‌కు మోకాలు దెబ్బతింటే మూడు నెలలు ఫీజులుండవు, ఈఎంఐ మాత్రం ఒక్క నెల కూడా ఆగదు.

ఇల్లు తనఖా అసలే వద్దు. ఆదాయం ఊహ మీద, పూచీ పిల్లలు పడుకునే ఇంటి మీద పెడితే దాన్ని ప్లాన్ అనను. పర్సనల్ లోన్‌తో నేల మీద గడ్డి పరచడం అంతకన్నా దారుణం.

మైదానం గంటల లెక్కన అద్దెకు తీసుకోండి. భాగస్వాములు దొరికితే వాటా ఇవ్వండి, రాతపూర్వకంగా. మీ పేరున టర్మ్ పాలసీ, పిల్లలకు ప్రమాద బీమా ఈ నెలలోనే చూసుకోండి.

లోన్ దరఖాస్తు ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. తర్వాత నాకు రెండే అంకెలు రాసి పంపండి: గత ఏడాది అన్నిటికన్నా తక్కువ ఫీజు వచ్చిన నెల ఆదాయం, ఆ నెల ఇంటి ఖర్చు.