ఇంట్లో కుండీలో పెంచే కలాథియా మొక్క ఆకుల అంచులు ఎండిపోతుంటే
కుండీ అంచున తెల్లటి పొర కట్టిందనీ, బోరు నీళ్లే రోజూ పోస్తున్నా ఆకుల అంచులు మాడినట్టయ్యాయనీ రాశారు కదండీ, అది నీళ్లు చాలక కాదు. నీళ్లలోని లవణాలు మట్టిలో పేరుకుని ఆకు అంచులకు చేరుతున్నాయి. పైన అంగుళం మట్టి తీసేసి కొత్తది వేయండి. కుండీ పరిమాణానికి మూడు రెట్ల వాన నీళ్లో ఆర్ఓ నీళ్లో మెల్లగా పోసి, కిందికి పూర్తిగా కారిపోనివ్వండి. పళ్లెంలో నిలిచినవి పారబోయండి. ఆర్ఓ మెషిన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దేవద్దు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ. నెలరోజులు ఎరువు ఆపండి. ఇకపై వేలు పెడితే పై అంగుళం పొడిగా తగిలినప్పుడే నీళ్లు. ఆకుల మీద స్ప్రే చేస్తే పెద్దగా ఒరిగేదేం లేదు. ఎండిన అంచు మళ్లీ పచ్చబడదు. సన్నటి గోధుమరంగు గీత మిగిల్చి కత్తిరించండి, పచ్చభాగం కోస్తే అక్కడా ఎండుతుంది.